చలానా వచ్చింది: కట్టాలా, వాదించాలా?



మంగళగిరిలో మగ్గం నేసుకునే ఒక కార్మికుడిని ఊహించుకుందాం. హెల్మెట్ లేకుండా జాతీయ రహదారి మీద ప్రయాణించారని ఆయన సెల్‌ఫోనుకు చలానా వచ్చింది. ఫోటోలోని బండి ఆయనది కాదు; నెంబరులో ఒక అంకె తప్పు చదివారు. ఈ నేరానికి 2019 సవరణ చట్టం నిర్దేశించిన జరిమానా 1000 రూపాయలు. కోర్టుకు వెళితే ఆ రోజు కూలి పోతుంది. వాయిదా పడితే మరో రోజు కూలి కూడా పోతుంది. "ఆ డబ్బేదో కట్టేస్తే పీడ వదులుతుంది గదా!" అంటారు ఇంట్లోవారు. ఏది సబబు?

చలానా తీర్పు కాదు, ఆరోపణ మాత్రమే. 1988 మోటారు వాహనాల చట్టం 200వ సెక్షను ప్రకారం కొన్ని నేరాలకు నిర్ణీత సొమ్ము చెల్లించి రాజీ చేసుకోవచ్చు. అలా ఇష్టం లేనివారు మేజిస్ట్రేటు ముందు తమ మాట చెప్పుకోవచ్చు. అక్కడ నేరాన్ని రుజువు చేయవలసిన భారం ఆరోపించినవారిదే.

అయితే మనస్సాక్షి అడిగే మొదటి ప్రశ్న "ఎంత ఖర్చవుతుంది?" అని కాదు, "నేను చేశానా?" అని. చేసినవాడు రుజువు చూపమని అడగవచ్చు. ఆ హక్కు చట్టం ఇచ్చినదే. కాని ఫోటో మసకగా ఉంది గదా అని "అది నేను కాదు" అంటే అబద్ధమే. వకీలు చేత చెప్పించినా అబద్ధం నిజం కాదు. వేగం మీద మోజుతో తన ప్రాణాన్నీ ఇతరుల ప్రాణాన్నీ అపాయంలో పడవేయడం ఘోర దోషమని 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతోంది. అటువంటి తప్పు చేసినవాడు జరిమానా కట్టి, బుద్ధిగా బండి నడపడమే మేలు.

బండి అమ్మి, పేరు మార్పించని వారి సంగతి వేరు. అమ్మిన విషయాన్ని 14 రోజుల్లో తెలియజేయాలని 50వ సెక్షను చెబుతోంది. "నేను నడపలేదు" అనే మాట నిజమే, కాని ఆ అశ్రద్ధ వారిదే.

ఇక తప్పు చేయనివాడు డబ్బు కడితే అబద్ధానికి ఒప్పుకున్నట్లా? కాదు. రాజీ అంటే తగవు ముగించుకోవడం. పిల్లల అన్నం కోసం తన హక్కు వదులుకున్న పేదవానిని నిందించకూడదు. కాని అందరూ మౌనంగా కట్టేస్తూ పోతే యంత్రం చేసిన పొరపాటు లెక్కల్లో నిజంగా నిలిచిపోతుంది. రేపు అదే చలానా మరో కూలివాని ఇంటికి వస్తుంది.

ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తపు దెబ్బలు తిన్న పునీత పౌలు గారు, విడుదల చేశాక కూడా రహస్యంగా వెళ్ళిపోవడానికి ఒప్పుకోలేదు. అధికారులే స్వయంగా రావాలని పట్టుబట్టారు. అది పంతం కాదు; అన్యాయాన్ని అన్యాయమని బయటపెట్టడం.

కాబట్టి వాదించే బాధ్యత వాదించగలవారిదే. జీతంతో సెలవు దొరికేవారు, అర్జీ వ్రాయగలవారు తమ మీద పడిన తప్పుడు చలానాను ఊరకే కట్టి వదిలేయరాదు. పొరుగున ఉన్న నేతగాని తరఫున ఒక అర్జీ వ్రాసి, బండి కాగితాలు జతచేసి ముందుగా పోలీసు శాఖకు పంపడానికి ఒక సాయంత్రం చాలు. దానితో తేలకపోతే కోర్టు ఎలాగూ ఉంది.

రసీదు లేకుండా చేతిలో పెట్టే వంద నోటు మాత్రం కట్టడమూ కాదు, వాదించడమూ కాదు. అది ఇచ్చినవానినీ పుచ్చుకున్నవానినీ కూడా చెరుపుతుంది.