కొలనూలు పట్టిన చెయ్యి



ఏన్కూరు ప్రాంతమున అడవి యంచున నివసించు మనకు చెట్టును కొలుచుట క్రొత్త సంగతి కాదు. ఖాకీ చొక్కా తొడిగిన యొకడు వచ్చి, మాను చుట్టు టేపు చుట్టి, బెరడు చెక్కి, అంకె వేసి, సుత్తితో ముద్ర కొట్టి పోయినచో, ఆ చెట్టుకు దినములు నిండినవని పసిపిల్లలకును తెలియును. అందువలననే మన యూళ్లలో చెట్టును కొలుచు చేతిని జనులు నమ్మరు. కొలుచుట చంపుటకు మొదటి మెట్టేనా? లేక ప్రేమించువాడును కొలువవచ్చునా? ఈ నెల ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను.

నాకు సిగ్గు కలిగించిన సంగతిని ముందుగా చెప్పుకొనుట న్యాయము. మా మందిరపు ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు కలదు. మందిరము లేని దినములలో ఆరాధన దాని క్రిందనే జరిగెడిది. కొన్ని యేండ్ల క్రిందట మందిరమునకు ముందు రేకుల వసారా వేయవలెనని సంఘపెద్దలము తలంచితిమి. చెట్టు అడ్డముగా నుండెను. ఇటుకబట్టీ వర్తకుడు టన్నుకింత యని ధర చెప్పెను. రేకులకు సరిపడు సొమ్ము వచ్చునేమో లెక్క చూచుటకు నేనే టేపు పట్టుకొని వెళ్లితిని. మాను చుట్టుకొలత 17 అడుగుల 4 అంగుళములు. నేను అంకె వ్రాసికొనుచుండగా, చింతకాయలు ఏరుకొనుచున్న ఒక ముసలమ్మ తలయెత్తి, "ఎందుకు కొలుస్తున్నవ్ బిడ్డా, కొట్టడానికేనా?" అని అడిగెను.

"ఊరికెనే అవ్వా" అంటిని.

అది అబద్ధము. సంఘపెద్దనై యుండి, మందిరపు ఆవరణలో నిలిచి, ఆదివారమున ప్రార్థన చేయు నోటితోనే అబద్ధమాడితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెట్టును కొట్టదలచుట పాపమో కాదో అప్పటికి నాకు తెలియలేదు గాని, మంచి పనియే యైనచో ముసలమ్మకు చెప్పుటకు నేనేల జంకితిని?

తరువాత తెలిసికొనగా, పెద్ద చెట్లను వెదకి వెదకి కొలుచుటయే పనిగా పెట్టుకొనినవారు లోకములో అనేకులు కలరని తెలిసెను. అమెరికా దేశమున 1940 మొదలుకొని ఒక్కొక్క జాతిలో మిక్కిలి పెద్దదైన చెట్టును పట్టికలో వ్రాసికొనుచున్నారు. వారి లెక్క ఇట్టిది. నేలనుండి నాలుగున్నర అడుగుల యెత్తున మాను చుట్టుకొలతను అంగుళములలోను, చెట్టు ఎత్తును అడుగులలోను తీసికొని కలుపుదురు. నీడ వెడల్పును అడుగులలో కొలిచి, దానిలో నాలుగవ వంతును చేర్చుదురు. మాను 240 అంగుళములు, ఎత్తు 80 అడుగులు, నీడ వెడల్పు 100 అడుగులు అయినచో మొత్తము 345.

ఎత్తు కొలుచుటకు చెట్టెక్క నక్కరలేదు. కంటినుండి చాచిన పిడికిలివరకు ఎంత దూరమో, అంత పొడవు పిడికిలికి పైన నిలుచునట్లు ఒక కర్రను నిట్టనిలువుగా పట్టుకొని వెనుకకు నడువవలెను. చెట్టు మొదలు పిడికిలితోను, చెట్టు కొన కర్ర కొనతోను సరిపడిన చోట ఆగవలెను. అక్కడినుండి మానువరకు ఎంత దూరమో, చెట్టు సుమారుగా అంత ఎత్తు. పశువులు కాచు పిల్లవాడును దీనిని చేయగలడు.

ఇట్టి మహావృక్షములు నట్టడవిలోనే యుండునని తలంచితిమా, పొరబడితిమి. అడవిలో పెద్ద మాను ముందుగా గొడ్డలి కంట పడును. పట్టణములో కోటగోడయో, సమాధులతోటయో, పాత బంగళా ఆవరణయో దానిని కాచును. హైదరాబాదులో గోలకొండ నయాఖిలా లోపల హతియాన్ ఝాడ్ అను చెట్టు కలదు. అది ఆఫ్రికా దేశపు జాతి. దాని వయస్సు నాలుగు శతాబ్దములకు మించినది. మాను చుట్టుకొలత 25 మీటర్లకు పైగా నున్నది. పదునైదుగురు చేతులు చాచి పట్టుకొనిననే గాని దానిని చుట్టలేరు. మర్రికైతే మాను కొలత చాలదు, ఊడలన్నియు మానులే యగును గదా. కదిరి చెంతనున్న తిమ్మమ్మ మర్రిమానును అది పరచిన నీడను బట్టి కొలిచి, 19,107 చదరపు మీటర్లుగా, అనగా నాలుగు ఎకరములకు పైగా లెక్కించిరి. 1989లో అది గిన్నిస్ గ్రంథమున చేరెను.

కాబట్టి గొడ్డలి లేని కొలత కలదు. అయితే గొడ్డలి లేనంతమాత్రమున ఆ కొలత నిర్దోషమగునా? 2006లో కాలిఫోర్నియా అడవిలో ఇద్దరు మనుష్యులు లోకములోని చెట్లన్నిటికంటె ఎత్తైన దానిని కనుగొనిరి. అది 115 మీటర్లకు మించినది. హైపెరియన్ అని దానికి పేరు పెట్టిరి. చోటు రహస్యముగా నుంచవలెనని చూచినను వార్త ప్రాకిపోయెను. జనులు దారి లేని చోట దారి చేసికొని వచ్చి, చెట్టు మొదట నేలను త్రొక్కి గట్టిపరచిరి. తుదకు 2022లో అధికారులు ఆ చోటును మూసివేసి, అడుగుపెట్టినవారికి జరిమానాయు చెరయు తప్పవని ప్రకటింపవలసి వచ్చెను. మన మహబూబ్‌నగర్ చెంత పిల్లలమర్రి సంగతి మీరు వినియుందురు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడగా చూపరుల రాకను ఆపివేసిరి. పురుగు తొలిచిన ఆ మానుకు మరుసటి యేట రోగికి ఎక్కించినట్లు సీసాలతో మందు ఎక్కించిరి. చూడవచ్చిన వేలమందిలో ఎవరును దానికి హాని కోరలేదు. అయినను మెచ్చుకొనుట వేరు, కాచుట వేరు.

పరిశుద్ధ గ్రంథమునందు కూడ కొలత రెండు విధములుగా కనబడుచున్నది. దావీదు తన జనులను లెక్కింపజేసి, తన బలమెంతయో చూచుకొనగోరెను. ఆ లెక్క అతనికి దుఃఖము తెచ్చెను. యెహెజ్కేలు దర్శనములో కొలకర్ర పట్టినవాడు ఆలయమును గుమ్మము గుమ్మముగా, గది గదిగా కొలిచెను. అది తిరిగి నిలువబోవు దాని కొలత. ప్రవక్తల మాటలలో పట్టణమును పాడుచేయుటకు చాచబడిన నూలును కలదు, కట్టుటకు చాచబడిన నూలును కలదు. నూలులో భేదము లేదు. పట్టిన చేతి వెనుక ఏ తలంపు కలదో అదియే భేదము. నాది బట్టీ వర్తకుని తలంపు. ఇరువది యేండ్లు ఆ నీడలో మోకరించినవాడను, ఆ చెట్టు ఎంతటిదో మొదటిసారి తెలిసికొనినది దాని వెల కట్టుటకే.

ఇక్కడ ఒక సహోదరుడు అడుగవచ్చును: "చెట్టుకంటె మనిషి గొప్పవాడు కాడా? వానలో తడియు బీదవారికి కప్పు వలదా?" ఇది త్రోసివేయదగిన మాట కాదు. హైదరాబాదునుండి చేవెళ్ల మీదుగా పోవు రహదారికి ఇరుప్రక్కల తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉండెను. దారి ఇరుకు, ప్రమాదములలో ప్రాణములు పోయినవి. దారిని వెడల్పు చేయవలెననుట దుర్మార్గము కాదు. అయితే చెట్లను ప్రేమించినవారు ఆ దారివెంట నడిచి, ఒక్కొక్క మర్రిని లెక్కించి, అదియున్న చోటును గుర్తించిరి. లెక్క లేనప్పుడు అవి "కొన్ని చెట్లు" మాత్రమే. కొన్నింటిని కొట్టివేయుట సులభము. లెక్క యున్నప్పుడు దేనిని నిలుపవచ్చును, దేనిని వేరొక చోట నాటవచ్చును, దారిని ఎక్కడ ప్రక్కకు త్రిప్పవచ్చును అని ప్రతి చెట్టు దగ్గర ఆగి అడుగవలసి వచ్చును. మనిషి అక్కరయు చెట్టు ప్రాణమును ఎదురెదురుగా నిలిచినప్పుడు మంచి కొలత మనలను తొందరపడనీయదు. పోగొట్టుకొనునది ఎంతటిదో తెలిసికొనకుండ దానిని పోగొట్టుకొను హక్కు మనకు లేదు. చెట్టు కొట్టుటకు ముందు అనుమతి పొందవలెనని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెప్పుచున్నది. మనస్సాక్షి అనుమతి అంతకుముందే కావలెను.

మరునాటి ఉదయము నేను ముసలమ్మ గుడిసెకు పోయి, "అవ్వా, నిన్న నీకు అబద్ధం చెప్పిన. కొట్టడానికే కొలిచిన" అని ఒప్పుకొంటిని. ఆమె కోపపడలేదు. "నా పెండ్లి దాని కిందనే అయింది బిడ్డా. ఇగ మీ ఇష్టం" అనెను. ఆ మాటను సంఘపెద్దల యెదుట చెప్పితిని. చాలసేపు వాదములు జరిగెను. తుదకు మందిరము మీదికి వాలిన ఒక్క కొమ్మను మాత్రము తీయించి, వసారాను ఆరడుగులు తగ్గించి వేసితిమి. సొమ్ము చాలక రెండేండ్లు చందాలు ఎత్తితిమి. ఇప్పటికిని పెద్ద వాన కురిసిన ఆదివారమున చివరి వరుసవారు తడియుచున్నారు. వారిలో కొందరు నన్ను తప్పుపట్టుదురు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. అందుచేత వాన దినములలో నేనును చివరి వరుసలోనే కూర్చుండుచున్నాను.

ఇప్పుడు ప్రతి కోతపండుగనాడు ఆదివారపు బడి పిల్లలు ఆ చింతమానును నాలుగున్నర అడుగుల యెత్తున కొలిచి, మందిరపు పుస్తకములో వ్రాయుదురు. మొన్నటి పండుగకు 17 అడుగుల 6 అంగుళములు. అదే టేపు, అదే మాను. నేను వ్రాసిన అంకెకు రెండంగుళములు చేరినవి.

మీ యూరిలో మిక్కిలి పెద్ద చెట్టు ఏదో వెదకుడి. టేపు లేకపోయిన త్రాడుతో కొలువుడి. ఎందుకని ఎవరైనను అడిగినచో జంకులేక చెప్పగల జవాబు మీ యొద్ద నుండనియ్యుడి.