బొజ్జన్నకొండ మీద అరగంట

అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండకు మొన్న పిల్లలతో వెళ్లాం. 1907లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపించిన బౌద్ధక్షేత్రమది. గుహల్లోని బుద్ధ విగ్రహాలు, లింగాలకొండ మీద రాతిలో తొలిచిన స్తూపాల వరుసలు, అన్నీ దారి చూపినాయన అరగంటలో ముగించేశాడు.

కనుమనాడు జనం ఇక్కడ బొజ్జలాంటి ఒక ఆకారాన్ని రాక్షసుడనుకొని రాళ్లు రువ్వేవారట, తర్వాత మానిపించారు. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వాళ్లకు తెలియదు, చెప్పినవారూ లేరు. తెలిసిన మనమో? భిక్షువులు ధ్యానించిన గుహలో కేకలు వేశాం. మన గుడిలో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా?

"ఇక్కడిప్పుడు ప్రార్థించేవాళ్లు లేరు కదా" అన్నాడు మావాడు.

"తాతయ్య సమాధి దగ్గరా నవంబరు 2న తప్ప ఎవరూ ప్రార్థించరు. అక్కడా అరుస్తావా?" అన్నాను.

మెట్లు దిగేదాకా వాడు మాట్లాడలేదు.