తాబేలు దర్శనానికి వెళ్తున్నారా? తెర పడితే ఆగుదాం

కూర్మావతారం వీడియో చూశాక నిజమైన తాబేలును చూడాలనిపించిందా? మరీ దూరం వెళ్ళక్కర్లేదు. కాకినాడ ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుక మేటలు వేసి ఏర్పడిన దీవి అది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట అక్కడికి గుడ్లు పెట్టడానికి వస్తాయి.

ఇంటిల్లిపాదీ వెళ్ళి టెంటు వేసుకుందాం, పిల్లలకి ఈ వింత చూపిద్దాం అనుకోవడం మంచి కోరికే. కానీ ఇక్కడో ధర్మసందేహం ఉంది. మనం చూడటం వల్లే ఆ ప్రాణికి నష్టం జరిగితే, అది భక్తి అవుతుందా?

నష్టం చిన్నదేం కాదు. ఒడ్డుకొచ్చిన తల్లి టార్చి వెలుగుకో, మన అలికిడికో బెదిరితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోవచ్చు. ఒక్కో గూటిలో 100 దాకా గుడ్లుంటాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొచ్చి, ఎటు వెలుతురు ఎక్కువగా కనిపిస్తే అటు పాకుతాయి. చీకటి తీరంలో అయితే ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. మన టెంటు లైటు అంతకన్నా వెలిగిందనుకోండి, అవి మన వైపే వస్తాయి.

"మేం కావాలని చేయలేదుగా" అంటారా? మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు కథ గుర్తు చేసుకోండి. జింక రూపంలో భార్యతో కలిసి ఉన్న కిందమ మునిని ఆయన బాణంతో కొట్టాడు. వేట రాజులకు ధర్మమేగా అని వాదించాడు. వేటాడినందుకు నిన్ను తప్పుపట్టడం లేదు, ఆ సమయంలో ఆగకపోవడమే నీ తప్పు అన్నాడు ముని. తెలియక చేశావు కాబట్టి బ్రహ్మహత్య అంటదు అని కూడా అన్నాడు. అయినా శాపం తప్పలేదు. చూడండి, వేళ కాని వేళ అడ్డుపడటం ఎంత పెద్ద దోషమో!

అలాగని అసలు వెళ్ళడమే మానేద్దామా? అప్పుడు పిల్లలకి తాబేలు పుస్తకంలో బొమ్మగానే మిగిలిపోతుంది. ఎరగని ప్రాణి మీద ప్రేమ ఎలా పుడుతుంది?

కాబట్టి వెళ్దాం, గుడికి వెళ్ళినట్టు వెళ్దాం. నైవేద్యం వేళ గర్భగుడికి తెర వేస్తే మనం బయటే నిలబడతాం. టికెట్ కొన్నాను, తెర తీయండి అని ఎవరూ అడగరు. గుడ్లు పెట్టే వేళ కూడా అలాంటిదే. దీవిలో రాత్రి ఉండొచ్చా అని అటవీ శాఖను ముందే అడగండి. వద్దంటే కోరంగి మడ అడవుల్లో పక్షుల్ని చూసి సాయంత్రానికి తిరిగొచ్చేయండి. ఉండనిస్తే లైట్లు ఆపేసి, ఫ్లాష్ కొట్టకుండా, సిబ్బంది చెప్పినంత దూరంలో కూర్చోండి.

బయలుదేరే ముందు పిల్లలకి ఒక్క మాట చెప్పండి: తాబేలు కనిపిస్తే మన అదృష్టం. కనిపించకపోతే, ఆ తల్లి తన పనిలో ఉందని అర్థం.

శుభం!