పరీక్ష పెడితే తప్పా?

వేలు తెగితే పసుపు అద్దని ఇల్లాలు మనలో ఉంటుందా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు చేలల్లో కొడవలి తగిలితే, గట్టు మీది గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండుతారు. దానికి గాయపాకు అనే పేరే ఉంది. పేరులోనే సర్టిఫికెట్టు ఉండగా మళ్ళీ లాబొరేటరీ ఎందుకండీ, అమ్మమ్మల మాటకి పరీక్షలేమిటని చాలామందికి కాస్త కోపం.

కోపం సహజమే. కాని ఒక్క సంగతి ఆలోచించండి. చిన్న దెబ్బ ఏమీ రాయకపోయినా నాలుగు రోజులకి దానంతటదే మానుతుంది. మరి మాన్పింది ఆకా, మన ఒళ్ళా? తేలాలంటే ఒకే తీరు గాయాలు రెండుండాలి. ఒకదానికి ఆకు రాసి, రెండోదాన్ని ఊరికే వదిలి, ఏది ముందు పూడుతుందో కొలవాలి. పరిశోధకులు ఎలుకలకి మత్తిచ్చి చేసే పని ఇదే. గడ్డిచామంతి అలాంటి పరీక్షల్లో చాలాసార్లు నెగ్గింది. అయినా ఎలుక గాయం వేరు, షుగరున్న మామగారి కాలిపుండు వేరు. ఎంతవరకు నమ్మాలో చెప్పేదీ పరీక్షే.

ఇంకో విచిత్రం చూడండి. ఈ మొక్క అసలు మనది కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలది. అంటే మన పూర్వులెవరో ఒక కొత్త ఆకుని రాసి చూసి, గుణం కనిపెట్టి, నలుగురికీ చెప్పారన్నమాట. మనం సంప్రదాయం అంటున్నది ఒకప్పటి పరీక్షే!

అయితే అన్నీ నెగ్గినవి కావు. పసిబిడ్డ బొడ్డుకి బూడిదో, పేడో అద్దినవీ ఆ ప్రేమగల చేతులే. దానివల్ల ధనుర్వాతం వచ్చి ఎందరి ఒడులు ఖాళీ అయ్యాయో! గర్భిణులకి టీకాలూ, శుభ్రమైన కాన్పులూ వచ్చాక, 2015లోగాని ఆ పీడ మన దేశంలో అదుపయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోలేదు. బియ్యంలో రాళ్ళు ఏరితే బియ్యానికి అవమానమా?

ఇక ఆస్తి సంగతి. పసుపుతో గాయాలు మాన్పడం కొత్త విద్య అన్నట్టు 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చేశారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పోరాడితే 1997లో రద్దయింది. మన వంటిళ్ళన్నీ సాక్ష్యం చెప్పినా అక్కడ చెల్లేది కాదు. చెల్లింది కాగితం: పాత సంస్కృత గ్రంథం, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయిన వ్యాసం.

మరి అమ్రాబాద్ అడవుల్లో చెంచు అవ్వకి తెలిసిన ఆకుకి కాగితమేదీ? పరీక్షించి రాసిపెట్టకపోతే ఆ విద్య ఆమెతోనే మట్టిలో కలుస్తుంది. రాసుకుని ఆమెని మరిచిపోతే అది దొంగతనం. లాభంలో ఆమె జనానికీ వాటా ఉండాలన్న న్యాయాన్ని 2002 నాటి జీవవైవిధ్య చట్టమూ ఒప్పుకుంది.

కాబట్టి ఆకుని ఎన్నిసార్లైనా పరీక్షించండి, అదేమీ అనుకోదు. దాన్ని చూపించిన చేతిని మాత్రం మరవకండి. ఈలోగా దెబ్బ లోతుగా తగిలినా, మేకు గుచ్చుకున్నా, పోపులపెట్టె వెతుక్కుంటూ కూర్చోక ఆస్పత్రికి బయల్దేరండి.