వేటకు రాయితీ, విరామానికి భృతి: ఒక ధర్మ విచారణ

సముద్రంలో తిరిగే చేపకు యజమాని లేడు. వలలో పడేదాకా అది ఏ ఒక్కరిదీ కాదు, పడ్డాక పట్టినవాడిది. ఈ వేటకు ప్రభుత్వం డబ్బు సాయం చేసినప్పుడు ఒక ధర్మప్రశ్న తలెత్తుతుంది. అందరికీ చెందిన సంపదను కొందరు పట్టుకోవడానికి అందరి సొమ్ము ఖర్చు పెట్టవచ్చా? బతుకుతెరువు కాపాడటం రాజ్యధర్మమే. కానీ ఉపాధి పేరిట ఇచ్చిన సాయమే చివరికి ఉపాధికి ఎసరు పెడితే ఆ ధర్మం నెరవేరినట్టా?

భారతీయ రాజనీతి ఈ ప్రశ్నకు రెండు ఆధారాలు ఇస్తుంది. పెద్ద చేప చిన్న చేపను మింగే స్థితిని కౌటిల్యుడి అర్థశాస్త్రం మత్స్యన్యాయం అంది. ఆ స్థితిని తాళలేకే ప్రజలు మనువును రాజుగా చేసుకున్నారని చెప్పింది. అంటే బలహీనుణ్ణి కాయడమే రాజ్యం పుట్టుకకు కారణం. మరోవైపు అశోకుడు తన అయిదో స్తంభ శాసనంలో కొన్ని పర్వదినాల్లో చేపలను చంపడం, అమ్మడం నిషేధించాడు. వేటకు హద్దు పెట్టడం కూడా పాలకుడి పనేనని దీని అర్థం. పేదను ఆదుకోవడం, వేటను అదుపులో ఉంచడం అనే ఈ రెండు బాధ్యతలూ రాయితీ విషయంలో ఒకదానికొకటి అడ్డు పడతాయి.

ఎలా అడ్డు పడతాయో బోటు లెక్క చూస్తే తెలుస్తుంది. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు నుంచి ఒక మరబోటు వేటకు కదలాలంటే ముందుగా డీజిల్, ఐసు, బోటులో ఉండేవారికి తిండి సరుకులు ఎక్కించాలి. ఇందులో పెద్ద ఖర్చు డీజిల్‌ది. తిరిగొచ్చాక చేపను వేలం వేస్తారు. వచ్చిన డబ్బులోంచి ఈ ఖర్చులు పోగా మిగిలినదాన్ని బట్టే బోటు యజమానికీ, బోటు నడిపే సరంగుకూ, అందులో పనిచేసే కళాసీలకూ గిట్టుబాటు. చేప తగ్గేకొద్దీ ఒక్కో వేటకు పట్టే డీజిల్ పెరుగుతుంది. ఒక దశలో ఖర్చు గిట్టక బోటు ఒడ్డునే ఆగిపోతుంది. ఆ విరామంలో చేప మళ్లీ పెరుగుతుంది. డీజిల్‌పై రాయితీ ఇస్తే ఈ సహజమైన అడ్డు తొలగిపోతుంది. సముద్రం చాలని చెప్పినా బోటు కదులుతుంది. పైగా ఎక్కువ డీజిల్ కాల్చే బోటుకే ఎక్కువ రాయితీ దక్కుతుంది. మోటారు లేని తెప్ప మీద వెళ్లేవాడికి దక్కేది ఏమీ లేదు. పేదల పేరు చెప్పి ఇచ్చిన సాయం ఇలా మత్స్యన్యాయానికే తోడ్పడుతుంది.

2018లో ప్రపంచ దేశాలు చేపల వేటకు ఇచ్చిన రాయితీలు దాదాపు 3,540 కోట్ల డాలర్లని మత్స్యరంగ ఆర్థికవేత్త రషీద్ సుమైలా బృందం లెక్కగట్టింది. అందులో సుమారు 2,220 కోట్లు వేట సామర్థ్యాన్ని పెంచేవే. 1974లో మితిమీరిన వేటకు గురైన చేప నిల్వలు 10 శాతం. 2021 నాటికి అవి 37.7 శాతానికి చేరాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది.

వేట సామర్థ్యాన్ని పెంచే సాయం పర్యవసానం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కనిపించింది. శతాబ్దాల పాటు ఆ తీరాన్ని కాడ్ చేప పోషించింది. 1960లలో విదేశీ నౌకలు దాన్ని విపరీతంగా పట్టాయి. 1977లో కెనడా 200 మైళ్ల హద్దు గీసి వాటిని దూరం పెట్టింది. ఆ తర్వాత సొంత నౌకలకు, చేపల కర్మాగారాలకు ప్రభుత్వ అండ లభించింది. ఉద్దేశం మంచిదే: వెనుకబడిన తీరానికి పని కల్పించడం. కానీ చేతులు పెరిగినంతగా చేప పెరగలేదు. 1992 జులై 2న ప్రభుత్వం అక్కడి కాడ్ వాణిజ్య వేటను ఆపేసింది. ఒక్క దెబ్బతో దాదాపు 30 వేల మంది పని పోయింది. వారిని ఆదుకోవడానికి మళ్లీ ప్రజాధనమే ఖర్చయింది. ఆ నిషేధం 2024 దాకా తొలగలేదు. ఒక తరానికి ఉపాధి ఇవ్వాలన్న తొందరలో తర్వాతి తరం ఉపాధి కరిగిపోయింది.

ఈ చిక్కుకు ఆలోచనాపరులు వేర్వేరు జవాబులు చెప్పారు. ఉమ్మడి వనరును ఎవరి లాభం వారు చూసుకుని అందరూ కలిసి నాశనం చేస్తారని గారెట్ హార్డిన్ 1968లో వాదించాడు. స్థానిక సమాజాలు తమ కట్టుబాట్లతో వనరును తరతరాలుగా కాపాడుకున్న ఉదాహరణలు చూపి, ఇది తప్పనిసరి కాదని ఎలినార్ ఆస్ట్రం 1990లో బదులిచ్చింది. రాబోయే తరాలకు న్యాయమైన వాటా మిగల్చడం ప్రతి తరం బాధ్యత అని జాన్ రాల్స్ అన్నాడు. సంపద కలిగినవాడు దానికి ధర్మకర్త మాత్రమేనన్న గాంధీ ఆలోచనను సముద్రానికి వర్తింపజేస్తే, నేటి వేటగాడే కాదు, నేటి ప్రభుత్వం కూడా ధర్మకర్తే. ఇంకా పుట్టనివారి సొత్తును పంచిపెట్టే హక్కు దానికి లేదు.

అయితే సాయమంతా దోషం కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్లు వేటకు వెళ్లకూడదు. అది చేప గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్కో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెంచింది. ఇది చేప పట్టినందుకు కాదు, పట్టకుండా ఆగినందుకు ఇచ్చే డబ్బు. నిషేధం ముగిశాక గంగమ్మకు పూజ చేసి బోట్లను నీళ్లలోకి దింపే జాలరికి సముద్రం పట్ల హద్దు కొత్త సంగతి కాదు. కానీ ఇంట్లో పొయ్యి వెలగకపోతే నిగ్రహం నిలవదు. ఆ నిగ్రహాన్ని సాధ్యం చేసేది కనుక ఈ భృతి దానం కాదు, అందరి మేలు కోసం మానుకున్న పనికి చెల్లించే ప్రతిఫలం. ఇందులోనూ ఒక లోటుంది. భృతికి అర్హతను బోటెక్కి వేటకు వెళ్లేవారిని బట్టే లెక్కిస్తారు. అదే చేపను ఎండబెట్టి, గంపలో పెట్టి ఊళ్లు తిరిగి అమ్మే మహిళకు కూడా ఆ రెండు నెలలు పని ఉండదు. ఆమె త్యాగానికి విడిగా లెక్క లేదు.

దేశాల మధ్యా ఇదే తర్కం నడుస్తోంది. దొంగచాటు వేటకు, అతివేటకు గురైన నిల్వల మీద వేటకు రాయితీలను నిషేధిస్తూ ప్రపంచ వాణిజ్య సంస్థ 2022 జూన్‌లో కుదుర్చుకున్న ఒప్పందం 2025 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. వేట సామర్థ్యాన్ని పెంచే రాయితీలపై మాత్రం 2024 అబుదాబి సమావేశంలోనూ ఏకాభిప్రాయం కుదరలేదు. దూర సముద్రాల్లో భారీ నౌకలతో వేటాడి నిల్వలు తగ్గించిన దేశాలకూ, చిన్న బోట్లతో పొట్ట పోసుకునే తీరాలకూ ఒకే కొలమానం పెట్టరాదని భారత్ వాదన. ఆ వాదనలో న్యాయముంది. నష్టం చేసినవాడే ముందుగా భారం మోయాలి. కానీ పేదవాడి పేరుతో పెద్ద బోట్లకు మేలు చేసుకోవడానికి ఆ వాదన వాడుకుంటే దాని నైతిక బలం పోతుంది.

కాబట్టి ఏ రాయితీనైనా మూడు ప్రశ్నలతో తూచాలి. అది ఎక్కువ పట్టడానికా, పట్టకుండా ఆగడానికా? పెద్ద బోటుకు చేరుతోందా, చిన్న జాలరికీ చేపలమ్మే మహిళకూ చేరుతోందా? దాని వల్ల నిలిచే పని పదేళ్ల తర్వాత కూడా ఉంటుందా? ఐసు గది, చేపలు ఆరబెట్టే వేదిక, ప్రాణరక్షణ సామగ్రి, ప్రమాద బీమా ఈ పరీక్షలో నెగ్గుతాయి, ఎందుకంటే అవి చేపల సంఖ్య మీద కాకుండా పట్టిన చేప విలువ మీద, పట్టే మనిషి క్షేమం మీద పనిచేస్తాయి. ఇంధనానికి, కొత్త పెద్ద బోట్లకు ఇచ్చే రాయితీలు చాలావరకు ఓడిపోతాయి. ఉపాధిని కాపాడటం అంటే వేటను పెంచడం కాదు. వేట మీద ఆధారపడిన మనుషులను, వారి పిల్లలకు దక్కాల్సిన సముద్రాన్ని కలిపి కాపాడటం.