కన్నబిడ్డకు గడప

శ్రీరామనవమినాడు వేములవాడ రాజరాజేశ్వర క్షేత్రమున సీతారాముల కల్యాణము జరుగుచుండగా, శివునికి అంకితులైన శివపార్వతులును హిజ్రాలును గుంపులుగా చేరి, ఒకరిపై నొకరు అక్షతలు చల్లుకొని, తాము శివుని పెండ్లాడినట్లు భావింతురు. తరతరములుగా కరీంనగర్ సీమవారికి ఇది తెలిసిన దృశ్యమే. ఆ ఒక్కనాడు వారికి జనమధ్యమున చోటు కలదు. మరి మిగిలిన దినములలో? ఇంటిలో?

ఇచట ఒక మాట. హిజ్రాలు వేరు, పురుషుడై యుండియు పురుషునియందే అనురాగము కలవాడు వేరు. ఇరువురిని ఒకే ఎగతాళి మాటతో పిలుచుట మన ఊళ్ళలో పరిపాటి. ఈ రెండవవానికి పైకి కనబడు గుర్తు ఏదియు లేదు. పదహారేండ్ల ప్రాయమున తోటివారు ఆడపిల్లల ముచ్చట్లు చెప్పుకొని నవ్వుచుండగా తానును నవ్వు నటించును. ఇంట తెలిసిననాడు మొదట దెబ్బలు, పిదప భూతవైద్యుడు, ఆ పిదప డాక్టరు.

ఇది రోగము కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990లోనే దీనిని రోగముల పట్టికనుండి తొలగించినది. మార్చెదమని చికిత్స చేయుట వృత్తిదోషమని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించినది. నేరమును కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను వయోజనుల ఇష్టపూర్వక సంబంధములకు వర్తింపదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పిచ్చెను. హిజ్రాల పేర్లు రిజిస్టరున ఎక్కించి, వారంటు లేకయే పట్టుకొనుటకు వీలిచ్చిన నిజాము కాలపు 1919 నాటి చట్టమును తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసెను. అయినను తీర్పులు గుమ్మము వరకే వచ్చును. లోపలి గడియ తల్లిదండ్రుల చేతిలోనిది.

వారు చేయు తప్పులలో పెద్దది, మేలని తలచి చేయునదియే: "పెండ్లి చేసిన అన్నియు సర్దుకొనును." పొలము గట్టు తగాదా దాచి సంబంధము కలుపుకొన్నను మోసమందుము. దీని నేమనవలెను? కొడుకు పరువు దక్కెనని వీరు నిశ్చింతగా నిదురింతురు. పరుల ఆడబిడ్డ మాత్రము ఏండ్ల తరబడి తనలోనే ఏదో లోపము కలదని వెదకుకొనుచుండును.

లోకులేమందురో యను భయము చిన్నది కాదు. కాని కల్యాణమున హరళయ్యయు మధువరసును తమ బిడ్డల పెండ్లికి సమ్మతించినపుడు లోకమేమనునో ఎరుగనివారా? అందులకు వారు ప్రాణములే ఇచ్చిరని మన పెద్దలు చెప్పుదురు. నేటి తండ్రిని ప్రాణములు ఇమ్మనువారు లేరు.

తండ్రికి విషయము వెంటనే అర్థము కాకపోవచ్చును. అర్థమైన పిదపనే అన్నము పెట్టెదనను తల్లి యుండదు గదా. చదువు మాన్పింపకుండుట, అన్నదమ్ములు ఎగతాళి చేసినచో కసరుట, చుట్టములు సంబంధము తెచ్చిననాడు "వాని మాట వినక మేము ఏమియు చెప్పము" అని తండ్రియే ముందుగా పలుకుట. ఆ పలుకు లోపలి గదిలో నున్న పిల్లవానికి వినబడును.