మౌనపఠనమునందలి అంతర్వాణి



చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ఉద్యోగపరీక్షలకు సిద్ధపడు యువతీయువకులు దినమెల్ల చదువుచుందురు. వారిలో అనేకులు జిల్లాలనుండి వచ్చి, అశోక్ నగరు శిక్షణాలయములలో రుసుము చెల్లించి, అద్దెగదులలో కాలము గడుపువారు. ఇంటినుండి వచ్చు పైకము కొంచెము, గడచిపోవు వయస్సు మెండు. చదువుశాల నిశ్శబ్దము, అయినను కొందరి పెదవులు సన్నగా కదలుచుండును.

ఆ కదలికను జూచి, "లోపలి గొంతును నొక్కివేయుడు, కంటితోనే చదువుడు, వేగము రెట్టింపగును" అని బోధించువారు కలరు. ఈ బోధ సత్యమా యని నేడు విచారింతము.

మేము న్యాయవాదవృత్తియందున్నవారము. ఒకప్పుడు ఒక కౌలుపత్రమును తొందరలో కంటితో దాటించి, "కట్టనిచో" అనుదానిని "కట్టినచో" అని గ్రహించితిమి. మరునాడు మనస్సులో పలుకుచు చదువగా మా తప్పు మాకే బయటపడినది. తెలుగున నిషేధము పలుమారు క్రియలోపల ఒక్క యక్షరమై దాగియుండును. పరీక్షాపత్రమున "సరియైనది", "సరికానిది" అను మాటల భేదమును జారవిడిచిన విద్యార్థి, తెలిసిన ప్రశ్నకే తప్పు జవాబు వ్రాయును.

మన పెద్దలు జపమును వాచికము, ఉపాంశువు, మానసము అని మూడు విధములుగా విభజించి, మానసమును ఉత్తమమనిరి. మానసమున నోరు మూతపడును గాని మంత్రము మూగవోదు. పశ్చిమమున నాలుగవ శతాబ్దమున మిలాను నగరపు ఆంబ్రోసు పెదవి కదపక చదువుటను అగస్టీను తన గ్రంథమున ప్రత్యేకముగా వర్ణించెను.

ఇక శాస్త్రజ్ఞుల మాట వినుడు. 1960లో ఎడ్ఫెల్టు అను పండితుడు మౌనముగా చదువువారి వాగవయవముల కండరములందలి విద్యుచ్చలనమును కొలిచి, గ్రంథము కఠినమైనకొలది ఆ చలనము హెచ్చునని కనుగొనెను. 1970లో హార్డికు, పెట్రినోవిచ్ అనువారు ఆ చలనమును అణచి చదివింపగా, సులభపాఠమున హాని కలుగలేదు. కఠినపాఠమున మాత్రము గ్రహణము తగ్గెను. కారణ మేమన, విన్న మాటయొక్క ధ్వనిని మనస్సు కొద్ది క్షణములు నిలుపుకొనగలదు. తెలుగు వాక్యమున క్రియ తుదను వచ్చును గదా! అది వచ్చువరకు కర్తను, కర్మమును పట్టియుంచుటకు ఆ ధ్వని యెంతయో తోడ్పడును. 2016లో రేనరు మొదలగువారు శీఘ్రపఠనపద్ధతులను సమీక్షించి, గ్రహణము చెడకుండ వేగమును రెండు మూడు రెట్లు పెంచు ఉపాయము లేదని తేల్చిరి.

అయినను ధ్వని యొక్కటియే మార్గమని మేము చెప్పము. పుట్టుకతో వినికిడి లేనివారిలోను మేలైన పాఠకులు కలరు. మరియు అంతర్వాణికి అలవడిన భాష కావలెను. నిజాం రాజ్యమున ఉర్దూ విద్యాభాషగా నున్న దినములలో, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు తెలుగున బోధించు బాలికల పాఠశాలను నెలకొల్పిరి. అది నారాయణగూడలో వారి పేరనే వెలసియున్నది. తన యింటి మాట పుస్తకమున కనబడినప్పుడు బాలిక లోపలి గొంతు తడబడదు గదా!

ఇంకొక హెచ్చరిక. గొంతు పలుకుచుండగనే మనస్సు వేరొక వీధిని తిరుగవచ్చును. అట్టి చదువు చిలుకపలుకు. యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణముతో నిలువక మనన నిదిధ్యాసనములను గూడ నుపదేశించుటలోని భావ మిదియే.

కావున సులభమైన పుటలందు అంతర్వాణిని తేలికగా సాగనిండు. చిక్కు వాక్యమున దానిని స్పష్టముగా పలుకనిండు. పిమ్మట పుస్తకము మూసి, చదివినదానిని సొంతమాటలతో చెప్పుకొనుడు. పెదవి కదపు బిడ్డను పరిహసింపకుడు. ఆ బిడ్డ అర్థమును వెదకుచున్నది. మనము వేదమును చదివినను, వీలునామాను చదివినను, వినుచు చదువు బుద్ధిని పరమాత్మ మనకు ప్రసాదించుగాక!